ఫోటోలో పోయిన కొండ

కామాక్షయ్యకు సముద్రం పడదు. తూపిలిపాళెంలో చేపలవాళ్ళ ఇంట పుట్టిన మనిషికి ఇంతకంటే పెద్ద లోటు ఇంకేముంటుందని వాళ్ళమ్మ దిగులు పడేది. పడవ అలల మీద రెండుసార్లు లేచి పడిందంటే చాలు, పిల్లవాడి కడుపులో ఉన్నదంతా బయటికి వచ్చేది. తండ్రి గురవయ్య ఒకసారి చూశాడు, రెండుసార్లు చూశాడు. నాలుగోసారి పిల్లవాణ్ణి ఒడ్డున దించి, "నువ్వు ఇక్కడే ఉండ్రా అబ్బయా. చేపలు గూడా నవ్వతండాయి," అన్నాడు.

కానీ గురవయ్య ఒక పని మాత్రం మానలేదు. సాయంత్రాలు కొడుకును ఇసుకదిబ్బ మీద కూర్చోబెట్టుకుని గురుతులు చెప్పేవాడు. సముద్రం మీద దారి ఉండదు, మైలురాయి ఉండదు. నిన్న చేపలు పడిన చోటికే ఇవాళ మళ్ళీ పోవాలంటే ఒడ్డును చూసుకుంటూ పోవాలి. దగ్గరగా ఉన్నది ఒకటి, దాని వెనకాల దూరంగా ఉన్నది ఇంకొకటి. రెండూ ఒకదాని మీదికి ఒకటి వచ్చేదాకా పడవ నడపాలి.

"ఆ ఒంటి తాడిచెట్టు మీదికి చర్చి గోపురం వచ్చిందా? అది ఒక గీత. ఆ గీత వదలకుండా పో. ఎడంపక్క దిబ్బ కొస మీదికి సరుగుడు తోపు వచ్చిందా? అది రెండో గీత. రెండూ కుదిరిన చోట వల దించు. ఒకటి కుదిరి ఒకటి కుదరకపోతే నువ్వు ఇంకా చోటికి పోనట్టే."

"నేను పడవెక్కేదే లేదు గదా నాయనా, నాకెందుకివన్నీ?"

"ఉండనీరా. మోసేదానికి బరువా ఏంది?"

ఆ మాట అన్న గురవయ్య పోయి ఇరవై ఏళ్ళు దాటింది. కొడుకు కామాక్షయ్యకు ఇప్పుడు యాభై ఆరు. వాకాడులో ఫోటో స్టూడియో పెట్టి ముప్పై మూడేళ్ళు. ఆయనకు పని నేర్పిన గురువంటూ ఎవరూ లేరు. నెల్లూరులో ఎవరో పనికిరాదని పారేసిన కెమెరా కొనుక్కొచ్చి, చాప మీద తెల్లగుడ్డ పరిచి, ఒక్కో మర ఊడదీసి, వరసలో పెట్టి, మళ్ళీ అదే వరసలో బిగించి నేర్చుకున్నాడు. మూడోసారి బిగించినప్పుడు కెమెరా పనిచేసింది. ఒక మర మాత్రం మిగిలిపోయింది. అది ఇప్పటికీ ఆయన సొరుగులో ఉంది.

వాకాడు పక్కల ఫోటోలకు ఒక జబ్బుంది. సముద్రపు గాలిలోని ఉప్పు చెమ్మ ఫ్రేములోకి దూరి ఫోటోను అద్దానికి అంటించేస్తుంది. తెలియనివాళ్ళు పట్టుకుని పీకుతారు. పీకితే మొగుడి మొహం అద్దానికి, పెళ్ళాం మొహం కాగితానికి మిగులుతాయి. కామాక్షయ్య పీకడు. అద్దంతో సహా చల్లటి నీళ్ళ ట్రేలో పడుకోబెడతాడు. కాసేపటికి ఫోటో తనంతట తానే అద్దాన్ని వదిలేస్తుంది. ఈ పనికోసం గూడూరు నుంచి కూడా ఆయన దగ్గరికి వస్తారు. అయితే నీళ్ళలో వేసే ముందు చేసుకోవలసిన పని ఒకటుంది. ఫోటో ఉన్నది ఉన్నట్టుగా అద్దం మీదినుంచే ఒకసారి కెమెరాతో తీసి పెట్టుకోవాలి. ఆ నియమం ఆయన పెట్టుకున్నదే. దాన్ని తప్పింది కూడా ఆయనే.

ఫిబ్రవరి నెలలో ఒకరోజు రెబెక్కమ్మ ఒక ఫ్రేము తువ్వాలులో చుట్టుకుని వచ్చింది. ఆమె ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి రిటైరైన మనిషి. కామాక్షయ్య కూతురు వాణి పుట్టినప్పుడు మొదట ఎత్తుకున్నది ఆమే. భర్త జడ్సన్ లారీ డ్రైవరు. పోయి ఏడాది కావస్తోంది. పన్నెండు రోజుల్లో ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక ఉంది.

"చెమ్మ పట్టేసింది నాయనా. కూడిక నాటికి బాగుచేసి ఇయ్యి. మేమిద్దరం ఉండే ఫోటో ఇదొక్కటే."

కామాక్షయ్య ఫ్రేమును వెలుతురులో పట్టుకుని చూశాడు. ఎర్రటి కొండల ముందు ఇద్దరు పడుచువాళ్ళు. చీర కొంగు గాలికి ఎగురుతోంది. ఇద్దరూ పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నారు.

"ఇంత నవ్వేందమ్మా? ఆ కాలంలో ఫోటో అంటే ఊపిరి బిగబట్టుకుని నిలబడేవాళ్ళు గదా."

"ఎందుకు నవ్వినామో గుర్తు లేదయ్యా. నలభై ఏళ్ళాయె. ఆయన్నడుగుదామంటే ఆయన లేడాయె."

ఆ ఫోటో కథ మాత్రం ఆమెకు బాగా గుర్తుంది. జడ్సన్ అప్పట్లో ఎండుచేపల లోడు ప్రొద్దుటూరుకు తోలేవాడు. పెళ్ళయిన కొత్తలో, ఇలాగే ఫిబ్రవరి నెలలో, ఒక్కసారి ఆమెను కూడా లారీ ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకుపోయాడు. లోడు దించి, ఇంకో బాడుగ కోసం జమ్మలమడుగు దాకా పోతే అక్కడ లారీ కింది కమాను పట్టీ విరిగింది. బాగయ్యేసరికి రెండు రోజులు పట్టింది. ఊరికే కూర్చునేదెందుకని ఇద్దరూ గండికోట చూడబోయారు. అక్కడ కెమెరా మెడలో వేసుకున్న ఒకాయన ఫోటో తీస్తానని, పోస్టులో పంపిస్తానని చెప్పి అడ్రసు రాసుకున్నాడు. ఇంక వచ్చినట్టేలే అనుకున్నారు ఇద్దరూ. నెల తిరక్కుండా వచ్చింది.

"తర్వాత మేం యాడికీ పోలేదు నాయనా. ఆయనకు లారీ, నాకు ఆసుపత్రి. పోయిందంతా ఆ ఒక్కసారే."

మర్నాడు మధ్యాహ్నం శ్రీహరికోట నుంచి రాకెట్ పోయే రోజు. ఈ తీరంలో పుట్టిన మనిషి యాభై రాకెట్లు చూసి ఉన్నా యాభై ఒకటోది చూడకుండా ఉండలేడు. అన్నం తింటున్నవాడు ఎంగిలి చేత్తో బయటికి వస్తాడు. మంగలి సగం గడ్డం గీసి కత్తి పట్టుకుని వీధిలో నిలబడతాడు. కామాక్షయ్య ఆ సమయానికి రెబెక్కమ్మ ఫ్రేము విప్పుతున్నాడు. పై మేడ నుంచి వాణి, "నాన్నా, ఇంక రెండు నిమిషాలే!" అని కేకేసింది. ఎన్నో వందల సార్లు చేసిన పనే కదా అని, ఫోటోను అద్దంతో సహా ట్రేలో పెట్టి, మెట్లెక్కి పోయాడు. ముందుగా కెమెరాతో తీసుకోవాలన్న సంగతి ఆ రెండు నిమిషాల తొందరలో జారిపోయింది.

రాకెట్ లేచింది. నిప్పు ముందు కనపడింది, మోత నిమిషమున్నర తర్వాత వచ్చి మేడ మీది రేకులను వణికించింది. అది మబ్బుల్లో కలిసిపోయాక మిగిలిన పొగ పైగాలికి మెలికలు తిరుగుతూ ఉంటే కామాక్షయ్య దాన్ని ఫోటోలు తీసుకున్నాడు. పక్క మేడ వాళ్ళతో మాటల్లో పడ్డాడు. కిందికి దిగేసరికి గంట దాటింది.

ట్రేలో నీళ్ళు గులాబీ రంగుకు తిరిగి ఉన్నాయి.

చూడగానే ఆయనకు అర్థమైపోయింది. అంటుకున్న ఫోటో నీళ్ళకు ఊడుతుంది. కానీ బూజు లోపలిదాకా తినేసిన ఫోటో నీళ్ళకు కరుగుతుంది. పక్కనే నిలబడి చూసుకుంటూ ఉంటే మొదటి రంగు చుక్క దిగినప్పుడే తీసేయవచ్చు. చూసుకునే మనిషి మేడ మీద పొగను చూస్తున్నాడు. ఇద్దరు మనుషుల మీదికి బూజు ఇంకా రాలేదు కాబట్టి వాళ్ళు మిగిలారు. ఫ్రేము చెక్క కింద దాగి ఉన్న రెండు అంచులు, వేలెడు వెడల్పున, కుడివైపొకటి ఎడమవైపొకటి మిగిలాయి. మధ్యన కొండ ఉన్న చోటంతా తెల్ల కాగితం.

ఆ సాయంత్రమే రెబెక్కమ్మ ఇంటికి నడుచుకుంటూ పోయాడు. వాణి చెప్పింది, ముందు బాగుచేసి తర్వాత చెబుదాం నాన్నా అని. ఆయన వినలేదు.

"తప్పు జరిగిందమ్మా. నా చేతులారా జరిగింది. ఫోటో కరిగిపోయింది."

రెబెక్కమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. చేయి ఆగింది.

"మా ఆయన మొహం ఉందా?"

"ఉందమ్మా."

"నా మొహం?"

"ఉంది. ఇద్దరూ ఉండారు. వెనకాల కొండ పోయింది."

"కొండే గదా..." అంది ఆమె. చేటలో ఒక రాయి దొరికితే తీసి పక్కన పెట్టింది. మళ్ళీ తనే అంది, "ఆ కొండ లేకపోతే మేం ఎప్పుడూ యాడికీ పోనట్టే గదయ్యా."

తిట్టి ఉంటే కామాక్షయ్య ఇంటికి పోయి అన్నం తినేవాడు.

వాణికి కంప్యూటరు పని బాగా వచ్చు. స్టూడియోలో పెళ్ళి ఆల్బములన్నీ ఆ అమ్మాయే చేస్తుంది. రెండు రోజులు కూర్చుని, కొండ లేని చోట కంప్యూటరు చేతనే కొండలు పెట్టించింది. చాలా అందంగా వచ్చాయి. నిలువుగా లేచిన ఎర్రటి రాతి స్తంభాలు, మధ్యలో కమాను లాంటి రాయి, కింద ఎడారి, మూడు కొమ్మల ముళ్ళచెట్టు.

"ఇది ఏ ఊరు కొండమ్మా?" అన్నాడు కామాక్షయ్య.

"ఏ ఊరూ కాదు నాన్నా. అది ఊహించుకుంటది."

"దానికేం తెలుసు ఊహించుకునేదానికి? అదెప్పుడన్నా గండికోట పోయిందా?"

"నువ్వు మాత్రం పోయినావా ఏంది?"

రెబెక్కమ్మను పిలిచి చూపించారు. ఆమె కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది. ముళ్ళచెట్టు దగ్గర వేలు పెట్టింది, తీసింది.

"బాగుందిలే నాయనా," అంది. "చాలా నున్నగా వచ్చినాది. కష్టపడినారు బిడ్డలు."

ఆమె వీధి మలుపు తిరిగేదాకా ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. వాణే ముందు నోరు తెరిచింది. "ఆమె నచ్చలేదని చెప్పుంటే బాగుండు. బాగుందిలే అన్నాది."

"రేపు మొదటి బస్సుకు పోతా," అన్నాడు కామాక్షయ్య. "కూడికకు ఇంకా ఎనిమిది రోజులుంది."

గూడూరు, నెల్లూరు, బద్వేలు, ప్రొద్దుటూరు దాటి జమ్మలమడుగులో దిగి, అక్కడ ఆటో మాట్లాడుకునేసరికి మధ్యాహ్నం మూడైంది. ఆటో నడిపే ప్రసాద్ నలభై దాటిన మనిషి, మాట ఆగదు. కామాక్షయ్య ఒళ్ళో ఒక అట్టపెట్టె. అందులో కరిగిన ఫోటో, ఒక భూతద్దం. భుజాన కెమెరా, ఆ ఫోటో తీసిన కాలంలో అందరి కెమెరాలకూ ఉండే మామూలు లెన్సు ఒకటి.

కామాక్షయ్య పుట్టి పెరిగిన చోట రాయి అన్నది లేదు. ఇల్లు కట్టుకోవాలంటే రాయి లారీలో రావాలి. ఆయన కంటికి నేలంటే తెల్లటి ఇసుక, నల్లటి బురద. అలాంటి మనిషి గండికోట లోయ అంచున నిలబడి మొదటిసారి కిందికి చూశాడు. ఎండిన రొయ్యల రంగులో రాయి. కాల్చిన ఇటుక రంగులో రాయి. వలలు మడిచి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు పొరలు పొరలుగా, మనిషి చేయి పడని గోడలు, ఆ దరీ ఈ దరీ. అంత కింద సన్నగా నీళ్ళు.

"ఏ ఏరబ్బా ఇది?"

"పెన్న గదన్నా," అన్నాడు ప్రసాద్.

"మా పెన్నా? నెల్లూరు పెన్నా?"

"మీదెట్లయితాది? ముందు మాది. మేం వాడుకోంగ మిగిలిందే మీకు వచ్చాది."

కామాక్షయ్య నవ్వి, తమ సముద్రంలో కలిసే ఏరు ఇంత రాతిని కోసుకుని వస్తోందని ఇన్నేళ్ళూ తెలియనందుకు సిగ్గుపడి, ఏటికి చిన్నగా దండం పెట్టుకున్నాడు. తర్వాత పెట్టె తెరిచాడు.

ఆ సాయంత్రం పని కుదరలేదు. పాత ఫోటోలో రంగు బాగా ఎర్రన కదా, సాయంకాలపు ఎండలో తీసి ఉంటారని ఆయన లెక్క. పొద్దు వాలేకొద్దీ కొండలు నిప్పుల్లా ఎర్రబడ్డాయి. చుట్టూ జనం సెల్ఫోన్లతో తీసుకుంటున్నారు. ఆయనా తీశాడు, ముప్పై నలభై. ఒక్కటీ పాత ఫోటోకు అతకలేదు. ఎండ ఎడమవైపు నుంచి పడుతోంది. ఫోటోలో జడ్సన్ మొహం మీద వెలుగు కుడివైపు నుంచి పడుతోంది.

"ఏమన్నా, అందరూ కొండను చూచ్చాంటే నువ్వు కాగితం చూచ్చాండావు?" అన్నాడు ప్రసాద్.

కామాక్షయ్య భూతద్దంతో ఫోటో అంచును చూస్తున్నాడు. ఫ్రేము చెక్క కింద నలభై ఏళ్ళు వెలుతురు తగలకుండా ఉన్న అంచు అది. అక్కడ రాయి అంత ఎర్రగా లేదు. లేత గోధుమ రంగు కలిసిన ఎరుపు. మిగతా ఫోటోలో ఉన్న ఎరుపులో సగం రాయిది కాదు, వయసుది. ఆ కాలపు కలర్ ఫోటోలు ముసలివైతే ముందుగా నీలం చచ్చిపోతుంది, ఎరుపు మిగులుతుంది. ఆ సంగతి తనకు తెలుసు. తెలిసిందే ఇంట్లో మరిచి వచ్చాడు.

"పొద్దున తీసిందిది," అన్నాడు లేచి నిలబడి. "ప్రసాదూ, రేపు తెల్లవారేసరికి ఇక్కడుండాలి. వస్తావా?"

"రానంటే నడిచి వచ్చేట్టుండావు. వచ్చాలే."

మర్నాడు పొద్దు పొడవక ముందే వచ్చారు. లోయ పొడుగూతా రాతి నేలే. ఆ ఫోటోగ్రాఫరు ఎక్కడ నిలబడ్డాడో ఎలా తెలుస్తుంది? ఒక మైలు అంచులో ఒక మనిషి కాళ్ళు పెట్టిన చోటు. కామాక్షయ్య ఒక రాతి మీద కూర్చుని రెండు అంచులనూ మార్చి మార్చి చూశాడు. ఎడమ అంచులో బొటనవేలు లాంటి పొట్టి రాయి, దాని వెనక దూరంగా కోట బురుజు మూల. కుడి అంచులో దగ్గరగా ఒక బండ కొస, దాని వెనక ఎదుటి దరి గోడలో నిలువునా ఒక పగులు.

దగ్గరున్నది ఒకటి, దాని వెనక దూరంగా ఉన్నది ఒకటి.

ఇసుకదిబ్బ, సాయంకాలపు గాలి, తండ్రి చేతి చేపల వాసన, అన్నీ ఒక్కసారి ఆయనకు గుర్తుకు వచ్చాయి. లేచి నడవడం మొదలుపెట్టాడు. బొటనవేలు రాయి కనపడేసరికి అరగంట పట్టింది. దాని మీదికి బురుజు మూల వచ్చేదాకా పక్కకు జరిగాడు. వచ్చింది. అది ఒక గీత. ఆ గీత వదలకుండా, బురుజు మీది నుంచి చూపు తిప్పకుండా, కాలితో తడుముకుంటూ వెనక్కి వెనక్కి నడిచాడు.

"ఏందన్నా, ఎండ్రకాయ మాదిరి నడుచ్చాండావు?"

"మా నాయన నేర్పిన నడక ప్రసాదూ."

"మీ నాయన గూడా కొండలు తిరిగేటోడా?"

"కొండ మొహమే చూడలేదు. చేపలు పట్టేవాడు."

ప్రసాద్‌ ఆయన వెనకాలకు పోయి, కాలికి అడ్డం వచ్చే రాళ్ళు తీయసాగాడు.

పన్నెండు అడుగులు వెనక్కి వేశాక, కుడిపక్క బండ కొస మీదికి ఎదుటి గోడ పగులు వచ్చి కూర్చుంది. రెండు గీతలూ కుదిరాయి. కామాక్షయ్య అక్కడే ఆగి, కింద తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. మామూలు రాతి నేల. రెండు మూడు గడ్డి పోచలు. వల దించమన్న చోటు ఇది.

కెమెరా కంటికి పెట్టాడు. ఎక్కడో ఇంకా తేడా ఉంది. ఫోటోలో బొటనవేలు రాయి కొస బురుజు పై అంచును తాకుతోంది. ఇక్కడ రాయి చాలా కిందికి ఉంది. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రాయి కొంచెం లేచింది. ఇంకా చాలదు. బోర్లా పడుకుని, మోచేతులు నేలకు ఆనించి చూశాడు. కొస బురుజు అంచును తాకింది.

ఆనాటి ఫోటోగ్రాఫరు పడుకుని తీశాడు. ఎందుకో ముప్పై మూడేళ్ళ పని తెలిసినవాడికి ఒకరు చెప్పనక్కరలేదు. నిలబడి తీస్తే ఎదుటి దరి అంచు వాళ్ళిద్దరి మెడల మీదుగా గీత గీసినట్టు పోతుంది. తలలు కోసినట్టు ఉంటుంది. పడుకుంటే తలలు ఆకాశంలోకి లేస్తాయి, కొండ భుజాల వెనక నిలబడుతుంది. లారీ చెడిపోయి వచ్చిన ఒక డ్రైవరు, అతని పెళ్ళాం. మళ్ళీ జన్మలో కనపడరు. ఎవరో తెలియని ఆ ఇద్దరి కోసం ఆ పనివాడు ఈ మొనదేలిన రాళ్ళ మీద పొట్ట ఆనించి పడుకున్నాడు. పైగా మాట తప్పకుండా పోస్టులో పంపాడు.

పొద్దు పొడిచింది. కుడి అంచులోని పగులులో నీడ ఎంతవరకు దిగి ఉందో ఫోటోలో ఉంది. అంతవరకు దిగేదాకా ఆయన లేవలేదు. నెల కూడా కలిసొచ్చింది. రెబెక్కమ్మ వాళ్ళు వచ్చింది కూడా ఫిబ్రవరిలోనే. ఐదు నిమిషాలకొకటి చొప్పున తీస్తూ పోయాడు. ఏడు దాటిన కాసేపటికి నీడ వచ్చి తన చోట నిలిచింది. రాయి లేత గోధుమ ఎరుపుకు తిరిగింది. అప్పుడు తీసింది ఒక్కటే. ఇంక చాలని ఆయన చేతికే తెలిసింది.

లేచేసరికి రెండు మోచేతులూ దోక్కుపోయి నెత్తురు చెమ్మగా ఉంది. ప్రసాద్ నీళ్ళ సీసా తెచ్చి పోశాడు.

దారిలో టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయనను అడిగాడు, నలభై ఏళ్ళ కింద ఇక్కడ ఫోటోలు తీసే మనిషి ఎవరని. ఉండేటోడు, సైకిలు మీద వచ్చేటోడు, పోయి శానా రోజులైందని, పేరు గుర్తు లేదని ఆయన చెప్పాడు. కామాక్షయ్య టీ తాగి, గ్లాసు కింద పెట్టి, వచ్చిన దారి వైపు ఒకసారి తిరిగి చూసి ఆటో ఎక్కాడు.

వాకాడులో వాణి ఈసారి కంప్యూటరును ఏమీ ఊహించనివ్వలేదు. తండ్రి తీసిన కొండను తెల్లకాగితమైన చోట పరిస్తే, రెండు అంచుల్లోని రాళ్ళూ వాటంతట అవే వచ్చి అతుక్కున్నాయి. ఆ అమ్మాయి కుర్చీలో వెనక్కి వాలి తండ్రి వైపు చూసింది.

"నాన్నా, వెంట్రుకంత గూడా జరపలేదు నేను."

"నేను జరిగినా గదమ్మా," అన్నాడు కామాక్షయ్య.

కొత్త ఫ్రేము తనే కట్టాడు. అద్దానికీ ఫోటోకూ మధ్య నాలుగు వైపులా సన్నటి అట్ట ముక్కలు పెట్టాడు. ఇంక ఏ చెమ్మ వచ్చినా రెండూ అంటుకోవు. కూడిక ఇంకా మూడు రోజులుందనగా తువ్వాలులో చుట్టి తీసుకుపోయాడు.

రెబెక్కమ్మ వాకిట్లోకి తెచ్చుకుని వెలుతురులో పెట్టుకుంది. ముందు జడ్సన్ మొహం చూసుకుంది. తర్వాత కొండ చూసింది. ఈసారి వేలు పెట్టి, తీయలేదు. బొటనవేలు రాయి మీదుగా, పగులు మీదుగా మెల్లగా జరిపింది.

"ఇదేనయ్యా. ఇదే మేం పోయిన చోటు," అంది. "ఈ పగులులోంచి పావురాలు వస్తా ఉండె." అంతలో ఆమె చూపు కామాక్షయ్య మోచేతుల మీద పడింది. ఆసుపత్రిలో ఎన్ని వందల కట్లు కట్టిన మనిషో ఆమె. "ఇదేంది, రెండు చేతులకీ? పడినావా?"

"లేదమ్మా. పడుకుని తీసినాను. అప్పుడు తీసినాయన గూడా పడుకునే తీసినాడు. నిలబడి తీస్తే కొండ అంచు మీ మెడకాడికి..."

ఆయన మాట పూర్తి కాలేదు. రెబెక్కమ్మ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. కళ్ళు ఎక్కడో ఉన్నాయి. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని కామాక్షయ్య కంగారుపడ్డాడు. ఆమె నవ్వుతోంది.

"పడుకున్నాడు! అవునయ్యా, పడుకున్నాడు! తెల్లచొక్కా వేసుకుని రాళ్ళ మీద బోర్లా పడుకుంటే మా ఆయన నాతో ఏమన్నాడో తెలుసునా? 'ఒసే రెబెక్కా, ఈయన్ని గూడా ఎండబెట్టి లోడులో వేసుకుందామా, ప్రొద్దుటూరులో మంచి రేటు పలకతాడు' అన్నాడు. దానికే నవ్వినాం. ఆపుకోలేకపోయినాం. పాపం ఆయన కదలొద్దు, కదలొద్దు అంటానే ఉన్నాడు."

నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ చెప్పింది, మొదటినుంచి, జడ్సన్ గొంతు పెట్టి. కామాక్షయ్య గడప మీద కూర్చుని రెండోసారీ విన్నాడు. ఆ ఫోటోలో పోయింది కొండ ఒక్కటే అనుకున్నాడు ఇన్నాళ్ళూ.

లేవబోతుంటే ఆమె అడిగింది. "ఆ చోటు ఎట్టా కనుక్కున్నావయ్యా?"

గురుతుల సంగతి చెప్పాడు. పడవెక్కలేని పిల్లవాడికి తండ్రి ఇసుకదిబ్బ మీద చెప్పిన పాఠం చెప్పాడు. ఆమె శ్రద్ధగా విని, "మీ నాయన పేరేంది?" అంది.

"గురవయ్యమ్మా."

కూడిక నాడు సాయంత్రం వాకిట్లో షామియానా కింద అందరూ చాపల మీద కూర్చున్నారు. బల్ల మీద తెల్లగుడ్డ, దాని మీద ఆ ఫోటో. కామాక్షయ్య, వాణి వెనక వరసలో కూర్చున్నారు. పాటలయ్యాక రెబెక్కమ్మ లేచి నిలబడి తనే ప్రార్థన చేసింది. అందరూ కళ్ళు మూసుకున్నారు. ప్రార్థన అలవాటు లేని కామాక్షయ్య కళ్ళు తెరుచుకునే ఉన్నాడు.

ఆమె భర్తను ఇచ్చినందుకు దేవునికి వందనాలు చెప్పింది. ఆ రోజు లారీ కమాను పట్టీ విరిగినందుకు వందనాలు చెప్పింది. పేరు తెలియని ఆ ఫోటో ఆయన కోసం, ఆయన పిల్లలు ఎక్కడున్నా చల్లగా ఉండాలని చెప్పింది. తర్వాత, "తూపిలిపాళెం గురవయ్య కోసం వందనాలు తండ్రీ. ఆయన కొడుక్కి దారి చెప్పినందుకు," అంది.

చుట్టూ అందరూ ఆమేన్ అన్నారు. తండ్రి పేరు అలా పైకి, అంతమంది మధ్యన విని ఎన్నేళ్ళయిందో కామాక్షయ్యకు గుర్తు రాలేదు. వాణి కళ్ళు తెరవకుండానే చేయి చాచి ఆయన మోచేతి మీద, గాయం తగలకుండా, కొంచెం పైన పట్టుకుంది. కామాక్షయ్య కూడా అందరి వెనకాల, కొంచెం ఆలస్యంగా, ఆమేన్ అన్నాడు.